మూడు శాఖలు, ఒక పేపర్: శాంతి, సుస్థిరత, అంతరిక్ష విధానంపై రాసేవారికి జవాబులు

ప్రశ్న: అంతరిక్ష శకలాలు, దేశాల మధ్య ఘర్షణ, సుస్థిరాభివృద్ధి, ఈ మూడింటినీ కలిపి ఒక పేపర్ రాశాను. ఒకదాని తర్వాత ఒకటిగా మూడు జర్నళ్లకు పంపాను. మూడూ వారం తిరక్కుండానే "మా పరిధిలోకి రాదు" అని తిప్పి పంపాయి. రివ్యూకి కూడా వెళ్లలేదు. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది?

జవాబు: రివ్యూయర్ (పేపర్‌ను పరిశీలించే నిపుణుడు) దాకా వెళ్లకుండా ఎడిటర్ దగ్గరే ఆగిపోవడాన్ని డెస్క్ రిజెక్షన్ అంటారు. వారంలోపే జవాబు వచ్చిందంటే ఎడిటర్ చూసినవి సాధారణంగా నాలుగే: శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం), కవర్ లెటర్ (పేపర్‌తో పాటు ఎడిటర్‌కు రాసే లేఖ), చివర్లో రిఫరెన్సుల జాబితా. కాబట్టి మీరు కూడా లోపాన్ని ముందు ఆ నాలుగింటిలోనే వెతకండి. పేపర్ మధ్యలో ఎంత మంచి విశ్లేషణ ఉన్నా అక్కడిదాకా ఎవరూ రాలేదు.

రెండు పడవల మీద కాళ్లు పెడితేనే కష్టం. మీ పేపర్‌కు పడవలు మూడు. బహుశాఖా పరిశోధన అంటే అన్ని శాఖలకూ సమానంగా పేజీలు పంచడం అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. పేపర్‌కు ఒక సొంతిల్లు ఉండాలి. మిగతా శాఖలు ఆ ఇంటికి సాక్ష్యం చెప్పడానికి వస్తాయి. సొంతిల్లు ఏదో తేల్చుకోవడానికి మీ పరిశోధన ప్రశ్నను ఒకే వాక్యంలో, ప్రశ్నార్థకంతో ముగిసేలా రాయండి. తర్వాత ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబు విని అభిప్రాయం మార్చుకోవాల్సినవాళ్లు ఎవరో ఆలోచించండి. వాళ్లు చదివే జర్నలే మీ పేపర్‌కు చిరునామా.

ఉపగ్రహ విధ్వంసక పరీక్షలనే తీసుకుందాం. "ఒక దేశం పరీక్ష చేశాక ప్రత్యర్థి దేశాలు సంయమనం పాటించాయా, పోటీకి దిగాయా?" అన్నది శాంతి అధ్యయనాల ప్రశ్న. 1964 నుంచి వస్తున్న జర్నల్ ఆఫ్ పీస్ రీసెర్చ్ లాంటివి దీన్ని చూస్తాయి. కాకపోతే గణాంకాలతో రాస్తే, ఫలితాలను ఇంకొకరు తిరిగి రాబట్టుకునేలా డేటా ఫైళ్లు కూడా ఇవ్వాలి. "శకలాల మార్గదర్శకాలను దేశాలు తమ లైసెన్సు నిబంధనల్లోకి ఎలా తెచ్చుకున్నాయి?" అంటే అది విధానపరమైన ప్రశ్న. 1985లో మొదలైన స్పేస్ పాలసీ, 2003లో వచ్చిన ఆస్ట్రోపాలిటిక్స్ దీనికి దగ్గర. "ఏ ఎత్తులో పేలితే శకలాలు ఎన్నేళ్లు ఉంటాయి?" అన్న ప్రశ్న ఆక్టా ఆస్ట్రొనాటికా లాంటి సాంకేతిక జర్నళ్లది. "నష్టానికి బాధ్యత ఎవరిది?" అంటే జర్నల్ ఆఫ్ స్పేస్ లా వైపు చూడాలి. వస్తువు ఒకటే అయినా ఈ నాలుగు ప్రశ్నలూ నాలుగు వేర్వేరు పేపర్లు. మీరు బహుశా నాలుగింటినీ ఒకే అబ్‌స్ట్రాక్ట్‌లో అడిగారు.

ఇల్లు తేలాక ఆ జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాల అబ్‌స్ట్రాక్టులన్నీ చదవండి. ఒక రోజు పని. మీ వాదనకు నిజంగా తగిలే వ్యాసాలు మూడో నాలుగో దొరకాలి. దొరికితే వాటితో మీ పేపర్ ఎక్కడ ఏకీభవిస్తుందో, ఎక్కడ విభేదిస్తుందో ఉపోద్ఘాతంలో చెప్పండి. ఒక్కటీ దొరక్కపోతే చిరునామా తప్పినట్టే. ఎడిటర్ మెప్పు కోసం ఆ జర్నల్ పేరు నాలుగుసార్లు రిఫరెన్సుల్లో ఇరికించడం మాత్రం వద్దు. అనుభవమున్న ఎడిటర్‌కు అది ఇట్టే తెలిసిపోతుంది.

కవర్ లెటర్ ఒక పేజీ దాటకూడదు. మొదటి పేరాలో ప్రశ్న, జవాబు. రెండో పేరాలో ఈ జర్నల్ పాఠకులకు ఇది ఎందుకు కావాలో. మూడో పేరాలో ఈ పేపర్‌ను సమీక్షించడానికి ఏయే శాఖల వాళ్లు కావాలో రాయండి. బహుశాఖా పేపర్లకు ఈ మూడో పేరాయే ప్రాణం. తగిన రివ్యూయర్లను ఎక్కడ వెతకాలో తోచక ఎడిటర్లు వదులుకునే పేపర్లు ఉంటాయి. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదన్న నియమం మీకు తెలిసే ఉంటుంది. మీరు ఒకదాని తర్వాత ఒకటి పంపారు, అది సరైన పద్ధతే.

ప్రశ్న: ఒక రివ్యూయర్ "శాంతి అంటే ఏమిటో నిర్వచించలేదు" అన్నారు. ఇంకొకరు "సుస్థిరత అన్న మాట గాలిలో వేలాడుతోంది" అన్నారు. అందరికీ తెలిసిన మాటలకు కూడా నిర్వచనాలు రాయాలా?

జవాబు: రాయాలి. అందరికీ తెలిసిన మాటలకే ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం తెలుసు.

శాంతి అధ్యయనాల్లో యొహాన్ గాల్టుంగ్ 1960లలో చూపిన తేడా ఇప్పటికీ ఆధారం: ప్రత్యక్ష హింస లేకపోవడం నెగెటివ్ పీస్, వ్యవస్థలోనే పాతుకుపోయిన అన్యాయం కూడా తొలగిపోవడం పాజిటివ్ పీస్. కక్ష్యలో ఉపగ్రహాలు ఢీకొనకుండా, ఎవరూ ఎవరిమీదా దాడి చేయకుండా ఉంటే మొదటి అర్థంలో శాంతి ఉన్నట్టే. కానీ మంచి కక్ష్యలూ రేడియో ఫ్రీక్వెన్సీలూ ముందొచ్చినవాళ్ల చేతిలోనే ఉండిపోతే రెండో అర్థంలో అది శాంతి కాదు. మీ పేపర్ ఏ శాంతి గురించి మాట్లాడుతోందో మొదటి రెండు పేజీల్లోనే తేలాలి.

చట్టం వైపు వస్తే "శాంతియుత ప్రయోజనాలు" అన్న మాటే వేరు. 1967 నాటి ఔటర్ స్పేస్ ట్రీటీ (అంతరిక్ష ఒప్పందం) నాలుగో ఆర్టికల్‌లో రెండు పేరాలున్నాయి. మొదటిది అణ్వాయుధాలను, సామూహిక విధ్వంసక ఆయుధాలను భూకక్ష్యలో ఉంచకూడదంటుంది. రెండోది చంద్రుణ్ణి, ఇతర ఖగోళ వస్తువులను పూర్తిగా శాంతియుత ప్రయోజనాలకే వాడాలంటుంది. అక్కడ సైనిక స్థావరాలు, ఆయుధ పరీక్షలు, సైనిక విన్యాసాలు నిషిద్ధం. శాస్త్ర పరిశోధనకు సైనిక సిబ్బందిని వాడుకోవచ్చని కూడా అదే పేరా చెబుతుంది. ఈ రెండు పేరాలను కలిపేసి "ఒప్పందం అంతరిక్షంలో ఆయుధాలన్నిటినీ నిషేధించింది" అని రాసినవి ఎన్నో కనిపిస్తాయి. అలా నిషేధించలేదు. కక్ష్యలో సాధారణ ఆయుధాల గురించి ఆ ఆర్టికల్ మౌనంగా ఉంది. ఈ ఒక్క వాక్యం తప్పు రాస్తే న్యాయశాస్త్ర రివ్యూయర్ మిగతా పేపరంతా అనుమానంగానే చదువుతారు. పైగా "శాంతియుత" అంటే సైన్యానికి సంబంధం లేనిదా, దురాక్రమణ లేనిదా అన్న వివాదం ఒప్పందమంత పాతది. మీరు ఏ పక్షం తీసుకున్నారో ఒక ఫుట్‌నోట్‌లోనైనా చెప్పండి.

సుస్థిరతకూ ఇలాగే రెండు ముఖాలు. పంటలు, వరదలు, అడవులపై ఉపగ్రహాలతో నిఘా పెట్టి భూమ్మీది లక్ష్యాలను సాధించడం ఒకటి. కక్ష్య పాడవకుండా చూసుకోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకదానితో ఒకటి తగువు పడతాయి కూడా: భూమిని గమనించడానికి పంపే ప్రతి ఉపగ్రహం కక్ష్యలో రద్దీని పెంచుతుంది. ఈ తగువును పైపైన దాటేయకుండా పేపర్‌లో పెడితే అదే మీ బలం అవుతుంది.

మూడు శాఖలూ కలిసే చోటు నిజంగా ఒకటుంది. కోపువోస్ అని పిలిచే ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ 2019లో 21 దీర్ఘకాలిక సుస్థిరత మార్గదర్శకాలను ఆమోదించింది. అందులో సుస్థిరతకు ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: శాంతియుత ప్రయోజనాలకు అంతరిక్ష వినియోగ ఫలాలు అందరికీ సమానంగా అందేలా, నేటి తరం అవసరాలు తీరుస్తూ రేపటి తరాలకు అంతరిక్ష వాతావరణాన్ని కాపాడుతూ, అంతరిక్ష కార్యకలాపాలను నిరవధికంగా కొనసాగించగలగడం. శాంతి, సమానత్వం, తరాల మధ్య న్యాయం, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యాన్ని తీసుకుని, అందులో ఏ ముక్కను మీ పేపర్ పరీక్షిస్తోందో చెప్పండి. ఇద్దరు రివ్యూయర్ల అభ్యంతరానికీ అదొక్కటే సమాధానం కాగలదు.

ప్రశ్న: నాది రాజనీతిశాస్త్రం. ఒక ఉపగ్రహం మరో దేశపు ఉపగ్రహానికి దగ్గరగా వెళ్లిందని బహిరంగ కక్ష్యా డేటాతో చూపించాను. ఇంజినీర్ అయిన రివ్యూయర్ "ఈ డేటా ఈ ముగింపును మోయలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అర్థం కాలేదు.

జవాబు: ఆ రివ్యూయర్ ఇంకాస్త వివరంగా రాయాల్సింది. కానీ చెప్పింది నిజం.

మీరు వాడింది బహుశా టీఎల్ఈ, అంటే రెండు వరసల కక్ష్యా వివరాలు. ఒక్కో వరసలో 69 అక్షరస్థానాలు. మొదటి వరసలో 19 నుంచి 32 దాకా ఉన్న స్థానాలు చూడండి, అక్కడ ఎపోక్, అంటే ఆ వివరాలు ఏ క్షణానివో చెప్పే సమయం ఉంటుంది. ఉదాహరణకు 24045.5తో మొదలైతే 2024వ సంవత్సరంలో 45వ రోజు, సగం రోజు గడిచాక అని అర్థం. అంటే ఫిబ్రవరి 14, సార్వత్రిక సమయం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు. ఆ వివరాలు ఆ క్షణానికి చెందినవి. అప్పటికే వాటిలో కిలోమీటరు స్థాయి దోషం ఉండొచ్చు. రోజులు గడిచేకొద్దీ అది రోజుకు కొన్ని కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. దిగువ కక్ష్యలో వస్తువు సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్లు కదులుతుంది కాబట్టి లెక్కలో ఒక్క సెకను తేడా వస్తే స్థానం 7.5 కిలోమీటర్లు మారిపోతుంది. మూడు రోజుల పాత ఎపోక్‌తో "రెండు కిలోమీటర్ల దూరానికి వచ్చింది" అని రాస్తే ఆ రెండు కిలోమీటర్లకు అర్థం లేదు.

ఇంకో ఉచ్చు ఉంది. టీఎల్ఈలోవి సగటు విలువలు, ఎస్‌జీపీ4 అనే లెక్కింపు పద్ధతి కోసమే తయారైనవి. వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా మామూలు కక్ష్యా విలువలుగా వేస్తే జవాబు తప్పుతుంది, తప్పిందని ఎక్కడా హెచ్చరిక కూడా రాదు.

చేయాల్సింది: ఘటనకు ముందువీ తర్వాతవీ కొన్ని ఎపోక్‌లు తీసుకుని, ఒక్కోదాని నుంచి విడివిడిగా దూరం లెక్కించండి. వచ్చిన విలువలు ఎంత విస్తారంగా చెదిరాయో, అదే మీ అనిశ్చితికి మోటు కొలత. పేపర్‌లో ఒకే సంఖ్య కాకుండా ఆ వ్యాప్తి మొత్తం ఇవ్వండి. కక్ష్య ఉద్దేశపూర్వకంగా మారిందని చూపించాలంటే ఒక్క సామీప్యం చాలదు. కక్ష్య ఎత్తులోనో వంపులోనో మెట్టులాంటి మార్పు వరుసగా కొన్ని ఎపోక్‌లలో నిలిచి కనిపించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది దీని తర్వాతి మెట్టు. దగ్గరకు వెళ్లడం ఒక కదలిక. బెదిరించడం ఒక ఉద్దేశం. కక్ష్యా డేటా మొదటిదాన్నే చెప్పగలదు. రెండోదానికి ప్రకటనలు, సైనిక విధాన పత్రాలు, ముందస్తు సమాచారం ఇచ్చారా లేదా అన్న ఆధారాలు కావాలి. దేశాల మధ్య అనుమానాలు రేగే విషయంలో ఈ గీత చెరిపేయడం పద్ధతిపరమైన తప్పు మాత్రమే కాదు. మీ పేపర్‌ను రేపు ఎవరో ఒక ఆరోపణకు రుజువుగా చూపిస్తారు.

డేటా ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ తేదీన తెచ్చారో రాయండి. కక్ష్యా డేటా ఇచ్చే స్పేస్-ట్రాక్ వెబ్‌సైటు లాంటి చోట్ల ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులు డేటాను యథాతథంగా పంచుకోవడాన్ని పరిమితం చేస్తాయి. జర్నల్ డేటా ఫైలు అడిగితే ముందు ఆ షరతులు చదివి, అవసరమైతే వస్తువుల కేటలాగ్ నంబర్లు, ఎపోక్‌లు, మీ కోడ్ మాత్రమే ఇవ్వండి. చదివినవారు తామే డేటా తెచ్చుకుని సరిచూసుకోగలుగుతారు.

ప్రశ్న: పరీక్షల వల్ల పుట్టిన శకలాల సంఖ్యలతో ఒక పట్టిక వేశాను. 2007లో చైనా, 2019లో భారత్, 2021లో రష్యా. "పోలిక సరికాదు" అన్నారు. సంఖ్యలు సరైనవే కదా?

జవాబు: సంఖ్య సరైనదే అయినా పక్కన ఎత్తు లేకపోతే పోలిక తప్పుతుంది. చైనా ఉపగ్రహం ఫెంగ్‌యున్-1సి ధ్వంసమైంది సుమారు 850 కిలోమీటర్ల ఎత్తులో. నమోదైన శకలాలే 3,000కు పైగా. అక్కడ గాలి దాదాపు లేదు కాబట్టి వాటిలో చాలావరకు దశాబ్దాలపాటు తిరుగుతాయి. రష్యా పరీక్షలో కాస్మోస్ 1408 ధ్వంసమైంది సుమారు 480 కిలోమీటర్ల దగ్గర, గుర్తించినవి 1,500కు పైగా. భారత్ పరీక్ష 300 కిలోమీటర్ల లోపు, అక్కడి శకలాలు త్వరగా కాలిపోతాయి, అయితే కొన్ని ఢీకొన్న తాకిడికి చాలా పైకి కూడా వెళ్లాయి. 2008లో అమెరికా తన ఉపగ్రహాన్ని 250 కిలోమీటర్ల దరిదాపుల్లో కూల్చింది. అది పట్టికలో లేకపోతే రివ్యూయర్ తప్పకుండా అడుగుతారు. పట్టికకు ఎత్తు, సంఖ్య తీసుకున్న తేదీ, అప్పటికి కక్ష్యలో మిగిలినవి అని మూడు గళ్లు చేర్చండి. దిగువ కక్ష్యలో కేటలాగ్‌లోకి ఎక్కేవి సాధారణంగా 10 సెంటీమీటర్లకు పైబడినవని కూడా కింద రాయండి. అంతకంటే చిన్నవి లెక్కకు రాలేదంటే అవి లేవని కాదు.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి పత్రాలను ఎలా ఉటంకించాలి? వెబ్ లింకు ఇస్తే చాలా?

జవాబు: చాలదు. లింకులు మారిపోతాయి, పత్రం సంకేతం మారదు. సుస్థిరత మార్గదర్శకాలు ఏ/74/20 పత్రం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఔటర్ స్పేస్ ట్రీటీని ఐక్యరాజ్యసమితి ట్రీటీ సిరీస్ 610వ సంపుటం 205వ పేజీగా ఇస్తారు. సంకేతం, సంవత్సరం, పేరా నంబరు, ఈ మూడూ ఉండాలి. పేజీ నంబరు భాషను బట్టి మారుతుంది, పేరా నంబరు మారదు.

అంతకంటే ముఖ్యం, ఏ పత్రానికి ఎంత బలం ఉందో క్రియాపదంలోనే కనిపించాలి. ఒప్పందం అయితే అందులో చేరిన దేశాలకు "విధిస్తుంది". మార్గదర్శకాలు "సూచిస్తాయి". 2022 డిసెంబరులో 155 దేశాల మద్దతుతో వచ్చిన సర్వసభ్య సభ తీర్మానం 77/41, విధ్వంసక పరీక్షలు చేయబోమని హామీ ఇవ్వమని దేశాలను "కోరింది", నిషేధించలేదు. సంతకం చేయడం, ధ్రువీకరించడం కూడా వేర్వేరు. 1979 నాటి మూన్ అగ్రిమెంట్ గురించి రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

బాధ్యత గురించి రాసేవారికి ఒక మాట. 1972 నాటి లయబిలిటీ కన్వెన్షన్ ప్రకారం భూమ్మీదా, ఎగురుతున్న విమానానికీ జరిగే నష్టానికి తప్పుతో నిమిత్తం లేకుండా బాధ్యత ఉంటుంది. అంతరిక్షంలో జరిగే నష్టానికి మాత్రం తప్పు రుజువు కావాలి. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలిన ఉదంతాన్ని అందరూ ఉదహరిస్తారు. 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడియన్ డాలర్లు ఇచ్చింది. అది సంప్రదింపుల్లో కుదిరిన మొత్తం. దాన్ని తీర్పు అని రాయకండి.

ప్రశ్న: ఒక రివ్యూయర్ కక్ష్యా గణితం తీసేయమంటున్నారు, రెండో ఆయన ఇంకా పెంచమంటున్నారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యిలా ఉంది.

జవాబు: ఇద్దరూ ఒకే ఇబ్బందిని చెబుతూ ఉండవచ్చు. గణితం వాదనలో ఇమడక విడిగా నిలబడి ఉన్నప్పుడు, ఒకరికి అది అడ్డుగా అనిపిస్తుంది, ఇంకొకరికి అసంపూర్తిగా అనిపిస్తుంది. ప్రధాన పాఠంలో ఫలితాన్నీ దాని పరిమితినీ ఒక పేరాలో మాటల్లో చెప్పండి. సమీకరణాలు, ఊహలు, పూర్తి లెక్క అనుబంధంలో ఇంజినీర్ తప్పు పట్టలేనంత వివరంగా పెట్టండి. అప్పటికీ పొసగకపోతే, మీరు ఎంచుకున్న దారిని రెండు వాక్యాల్లో ఎడిటర్‌కు రాసి సలహా అడగండి. తీర్పు చెప్పాల్సింది ఎడిటరే.

జవాబు లేఖలో ప్రతి వ్యాఖ్యను యథాతథంగా దింపి, కింద మీ సమాధానం, మార్చిన వాక్యం, పేజీ, వరుస నంబరు ఇవ్వండి. "సరిచేశాం" అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. ఒప్పుకోని చోట కారణం చెప్పి ఒప్పుకోకుండా ఉండవచ్చు. అన్నిటికీ తలూపిన పేపర్ చివరికి ఎవరి వాదనా లేకుండా తయారవుతుంది.

ప్రశ్న: ఇంజినీర్, న్యాయవాది, నేను కలిసి రాశాం. పేర్ల వరుస దగ్గర పేచీ వచ్చింది.

జవాబు: శాఖను బట్టి ఆనవాయితీ మారుతుంది. ప్రయోగశాల శాస్త్రాల్లో చివరి పేరు తరచుగా బృంద నాయకుడిది. ఆర్థికశాస్త్రంలో అక్షరక్రమం ఎక్కువ. న్యాయశాస్త్రంలో ఒక్కరే రాయడం మామూలు. ఒకే వరుసను ముగ్గురూ మూడు రకాలుగా చదువుకుంటారు, అందుకే పేచీ. 14 పాత్రలతో క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది: భావన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, తొలి ముసాయిదా వగైరా. పని మొదలయ్యే రోజే ఎవరు ఏది చేస్తారో ఒక పేజీలో రాసుకుని, ముసాయిదా పూర్తయ్యాక మళ్లీ చూసుకోండి. ఏఐ సాధనాన్ని రచయితగా చేర్చకూడదని ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ స్పష్టంగా చెప్పింది. వాడి ఉంటే ఎక్కడ వాడారో తెలపండి.

ప్రశ్న: సదస్సులో మాట్లాడిన వారానికే "మీ అద్భుత పరిశోధనను మా జర్నల్‌లో వేస్తాం, మూడు రోజుల్లో రివ్యూ" అని మెయిల్ వచ్చింది. పేరు ప్రసిద్ధ జర్నల్‌లాగే ఉంది.

జవాబు: చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం కావచ్చు. బహుశాఖా రచయితలే వీటికి ఎక్కువ చిక్కుతారు, ఎందుకంటే మూడు చోట్ల కాదనిపించుకున్నాక "అన్ని శాఖలకూ స్వాగతం" అన్న మాట తీపిగా ఉంటుంది. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ నంబరు ఏ పేరుతో, ఏ ప్రచురణకర్తతో ఉందో చూడండి. ఐఎస్ఎస్ఎన్ ఉండటం నాణ్యతకు గుర్తు కాదు, అది గుర్తింపు సంఖ్య మాత్రమే. పాత సంచికలోని ఒక డీఓఐని (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు) తెరిచి సరైన వ్యాసానికే వెళుతుందో లేదో చూడండి. ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి సొంత విశ్వవిద్యాలయ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా చూడండి. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) అయితే అలాంటి జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో వెతకండి. ప్రచురణ రుసుము ముందే బహిరంగంగా రాసి ఉండాలి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా కాపీరైట్ పత్రం మీద సంతకం పెట్టకండి. ఒకసారి అచ్చయిన పేపర్‌ను మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు.

ప్రశ్న: నా ఇంగ్లిష్ పేపర్‌ను తెలుగులో కూడా అందుబాటులో పెట్టవచ్చా?

జవాబు: లైసెన్సు మీద ఆధారపడి ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బై అయితే మూలాన్ని పేర్కొని, అనువాదమని తెలిపి ఎవరైనా పెట్టవచ్చు. చివర ఎన్‌డీ (మార్పులు చేయరాదు) అని ఉంటే అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది, హక్కుదారు అనుమతి కావాలి. హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటే ఆ హక్కుదారు మీరు కాదు. కాబట్టి తెలుగులో తేవాలన్న ఆలోచన ఉంటే ఒప్పందం మీద సంతకం చేయకముందే అనువాద హక్కును మీ దగ్గరే ఉంచుకోనివ్వమని ఎడిటర్‌ను రాతపూర్వకంగా అడగండి. అనువాదంలో మొదటి పేజీలోనే మూల వ్యాసం డీఓఐ వేయండి, ఉటంకించేవారు రెంటినీ వేర్వేరు పేపర్లుగా లెక్కించకుండా ఉంటారు.